“ల్యాగ్” అనే ముందు: చూసిన సినిమా గురించి నలుగురిలో మాట్లాడే పద్ధతి

శుక్రవారం రాత్రి బెంగళూరులో మడివాళ సంధ్యలోనో, లాల్‌బాగ్ రోడ్డు ఊర్వశిలోనో తెలుగు సినిమా షో వదిలాక బయట బైకుల దగ్గర వినిపించే మాటలు ఓ అరడజను ఉంటాయి. ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ ల్యాగ్. బీజీఎం అదిరింది. హీరో వన్ మ్యాన్ షో. క్లైమాక్స్ తేలిపోయింది. ఒకసారి చూడొచ్చు. ఈ ఆరూ ఏ సినిమాకైనా అతుకుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. పోయిన నెల చూసిన సినిమాకూ ఈ వారం చూసినదానికీ ఒకే మాట సరిపోతోందంటే ఆ మాటలో సినిమా లేనట్టే.

ఈ ఊళ్లో తెలుగు సినిమా చూసేవాళ్లకు హైదరాబాదులో కూడా అంత తేలిగ్గా దొరకని వీలొకటి ఉంది. ఒకే ఆఫీసు బృందంలో అనంతపురం అబ్బాయి, భీమవరం అమ్మాయి, వరంగల్ అన్న, మూడు తరాలుగా బెంగళూరులోనే ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే ఇంకొకరు ఉంటారు. పక్కనే తెలుగు సినిమాలు వదలకుండా చూసే కన్నడిగుడూ ఉంటాడు. వీళ్లను ఒక చోట కూర్చోబెట్టి సరిగ్గా మాట్లాడించగలిగితే ఏ రివ్యూలోనూ దొరకని సంగతులు బయటికొస్తాయి. ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే అలాంటి బృందం కోసమే ఈ పద్ధతి.

టికెట్ దగ్గరే మొదలు

బుకింగ్ యాప్‌లో సినిమా పేరు కన్నా ముందు చూడాల్సింది భాష. ఒకే మల్టీప్లెక్స్‌లో ఒకే సినిమా తెలుగు, కన్నడ, తమిళ, హిందీ షోలు పక్కపక్క స్క్రీన్లలో ఆడటం బెంగళూరులో మామూలే. బృందంలో ఇద్దరు హిందీ వెర్షన్ చూసి, నలుగురు తెలుగు చూసి, ఆదివారం “డైలాగులు పేలలేదు” అని వాదించుకుంటే వాళ్లు మాట్లాడుతున్నది రెండు వేరువేరు సినిమాల గురించి.

డబ్బింగ్ అయినంత మాత్రాన తక్కువేమీ కాదు, కానీ ఏది డబ్బింగో తెలిసి మాట్లాడాలి. 1957లో మాయాబజార్‌ను తెలుగు, తమిళ భాషల్లో విడివిడిగా తీశారు. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడి వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశారు. 2015 నాటి మొదటి బాహుబలిని కూడా తెలుగు, తమిళాల్లో తీసి మిగతా భాషల్లోకి డబ్ చేశారు. మీరు చూసేది తీసిన భాషో, డబ్ చేసిన భాషో కనిపెట్టడానికి సులువైన గుర్తు పెదాలు. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి. క్లోజప్‌లో “అమ్మ” అని వినిపిస్తుంటే నోరు తెరిచే ఉందంటే ఆ షాట్ ఇంకో భాషలో తీసిందన్నమాట. ఇంకో గుర్తు ఫ్రేములో వెనకాల కనిపించే దుకాణాల బోర్డులు.

సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి మల్టీప్లెక్సుల్లో తెలుగు సినిమాకు కింద ఇంగ్లిష్ అక్షరాలు పడటం పరిపాటి. తెలుగు వచ్చినా కన్ను ఊరుకోదు, కిందికి పోతుంది. కామెడీ సీన్లో నటుడు పంచ్ చెప్పేలోపే కింద చదివేసి ఉంటాం. ఆ తర్వాత నవ్వు రాకపోతే “టైమింగ్ లేదు” అంటాం. టైమింగ్ నటుడిది పోలేదు, మనదే పోయింది.

సీటు విషయంలో ఒక లెక్క పనికొస్తుంది. తెర నుంచి వెనక గోడ దాకా దూరాన్ని మూడు భాగాలు చేసుకుంటే, రెండో భాగం ముగిసేచోట, వరుస మధ్యలో కూర్చోండి. హాల్లో సౌండ్‌ను సరిచూసేది దాదాపు ఆ ప్రాంతం నుంచే. గోడ పక్క సీటులో ఆ వైపు సరౌండ్ స్పీకర్ చెవిలో మోగి డైలాగ్ మునిగిపోతుంది. ముందు వరుసల్లో స్కోప్ సినిమా (బాగా వెడల్పు ఫ్రేముతో తీసినది) చూస్తే ఫ్రేము రెండు చివర్లూ ఒకేసారి కంటికి అందవు, ఫైట్లన్నీ గందరగోళంగా తోస్తాయి. హౌస్‌ఫుల్ రోజున అలాంటి సీటే దొరికితే దాంట్లోనే చూడండి, కానీ మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందుగా చెప్పండి.

ధర కూడా అభిప్రాయంలో భాగమే, దాచిపెట్టక్కర్లేదు. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం సినిమా టికెట్‌కు పన్ను కాకుండా 200 రూపాయల పరిమితి పెట్టింది. అదే నెలలో హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. కాబట్టి సింగిల్ స్క్రీన్ బాల్కనీకి ఒక ధర, వారాంతం వెనక్కి వాలే రిక్లైనర్ సీటుకు దానికి కొన్ని రెట్లు అన్న పరిస్థితి మీ బృందంలోనే ఉంటుంది. ఎనిమిది వందలు పెట్టినవాడి కోపంలో సినిమా వాటా ఎంత, బిల్లు వాటా ఎంత అనేది అతనే విడదీసి చెప్పాలి.

హాల్లో చేయాల్సిన పని

తెర మీద మొట్టమొదట వచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌ను చాలామంది ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటూ వదిలేస్తారు. అందులో నిడివి నిమిషాల్లో ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి. యు/ఎ సర్టిఫికెట్ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు రకాలుగా వస్తోంది కాబట్టి “పిల్లల్ని తీసుకెళ్లొచ్చా” అనే ప్రశ్నకు సగం జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

చేతి గడియారం ఉంటే పెట్టుకెళ్లండి. మూడు సమయాలు చాలు: హీరోకు ఏం కావాలో మనకు తెలిసిన నిమిషం, ఇంటర్వెల్ పడిన నిమిషం, క్లైమాక్స్ మొదలైన నిమిషం. నిడివి 156 నిమిషాలై, ఇంటర్వెల్ 92 దగ్గర పడిందనుకోండి. సెకండాఫ్‌కు మిగిలింది గంటా నాలుగు నిమిషాలే. అప్పుడు “సెకండాఫ్ హడావుడిగా చుట్టేశారు” అనే మాటకు ఒక లెక్క దొరుకుతుంది. హీరో కోరిక నలభయ్యో నిమిషం దాకా తెలియకపోతే ఫస్టాఫ్ ఎందుకు నీరసంగా తోచిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఒక్క జాగ్రత్త: ఇంగ్లిష్ సినిమాలకు ఇంటర్వెల్ పెట్టేది థియేటర్‌వాళ్లు. మాట మధ్యలో తెగిందని దర్శకుణ్ణి అనకండి.

ఫోన్ మాత్రం తీయొద్దు. వెలుగు వెనకవాళ్ల కళ్లలో పడుతుందన్నది ఒక కారణం. హీరో ఎంట్రీని స్టేటస్ కోసం పదిహేను సెకన్లు తీసుకోవడం సరదా కాదు, నేరం అన్నది ఇంకో కారణం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో సినిమా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల రూపాయల జరిమానా. ఎక్కువలో ఎక్కువ మూడేళ్ల దాకా పోతుంది.

ఇంటర్వెల్లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి తీర్పు చెప్పకండి. బృందంలో గొంతున్న మనిషి “దొబ్బింది రా” అన్నాడంటే మిగతా ఏడుగురూ సెకండాఫ్ మొత్తం ఆ మాటకు సాక్ష్యాలు వెతుక్కుంటూ చూస్తారు.

షో అయ్యాక, మాట్లాడక ముందు

రాత్రి 9:45 షో, ముందు ప్రకటనలు పావుగంట, సినిమా 160 నిమిషాలు, ఇంటర్వెల్ పావుగంట. బయటికొచ్చేసరికి పన్నెండు యాభై అయిదు. ఆ వేళకు మెట్రో ఉండదు, క్యాబ్ కోసం తిప్పలు, సగం మందికి నిద్ర. అప్పుడు జరిగేది చర్చ కాదు, అలసట. మర్నాడో ఎల్లుండో కూర్చోండి.

అయితే రాత్రికి రాత్రే నాలుగు లైన్లు మాత్రం రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే పొద్దున్నే లేచి రెండు రివ్యూ వీడియోలు చూశాక మీ అభిప్రాయం ఏదో, వాళ్లది ఏదో మీకే తేడా తెలియదు. మొదటి లైన్: కళ్లు మూసుకుంటే వెంటనే గుర్తొచ్చే సీన్. రెండోది: ఎక్కడ వాచీ చూసుకున్నారు. మూడోది: ఎక్కడ నవ్వారు, ఎక్కడ గొంతు పట్టింది, లేదా రెండూ లేవు. నాలుగోది: అర్థం కానిది ఒకటి. నాలుగింటిలో ఎక్కడా “బాగుంది” అనే మాట రాయొద్దు.

కూర్చునే తీరు

చోటు సంగతి: వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు నుంచి వచ్చేవాళ్లకు పర్పుల్ లైన్‌లో నేరుగా కబ్బన్ పార్క్ స్టేషన్ ఉంది. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మనహళ్లి వాళ్లు యెల్లో లైన్‌లో ఆర్.వి.రోడ్ దాకా వచ్చి, గ్రీన్ లైన్ మారి, మెజెస్టిక్‌లో మళ్లీ పర్పుల్ లైన్‌కు మారాలి. ఆదివారం పార్కు లోపల వాహనాలు తిరగవు కాబట్టి మాటలు వినిపిస్తాయి. వానైతే ఎవరింటికైనా పోండి. ఆంధ్ర మెస్ మాత్రం వద్దు. ఆకు ముందు కూర్చున్నాక గోంగూర గెలుస్తుంది, సినిమా ఓడిపోతుంది. మెస్ తర్వాత పెట్టుకోండి.

కూర్చోగానే ఎవరూ నోరు విప్పకముందే ఒక్కొక్కరూ చిన్న కాగితం మీద తమ తీర్పు ఒక్క ముక్కలో రాసి, మడిచి, మధ్యలో పెట్టాలి. నచ్చింది, నచ్చలేదు, సగం సగం. చివర్లోనే విప్పుతారు. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ దీని వల్ల ఒరిగేది పెద్దది: మొదట మాట్లాడినవాడి వెంట పడిపోయి అభిప్రాయం మార్చుకున్నవాళ్లు ఎంతమందో తేలిపోతుంది.

మొదటి విడతలో మనిషికి మూడు నిమిషాలు. ఎనిమిది మందికి ఇరవై నాలుగు. ఈ మూడు నిమిషాల్లో ఒకే ఒక్క సీన్ గురించి చెప్పాలి: తెర మీద ఏం జరిగింది, మీకు ఏమనిపించింది, ఎందుకని మీ అనుమానం. ఈ వరస తప్పకూడదు. “ఎందుకు”తో మొదలుపెడితే ఉపన్యాసం అవుతుంది. “అనిపించింది”తో మొదలుపెడితే ఎదుటివాళ్లు ఏ సీన్ గురించో తెలియక తమకు తోచిన సీన్ ఊహించుకుంటారు. ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాళ్లు ముందు, గ్రూపులో గట్టిగా మాట్లాడే ఆసామి చివర. మధ్యలో అడ్డుపడటం లేదు. ఫోన్‌లో టైమర్ పెట్టి, మోగితే ఆపేయాలి, వాక్యం మధ్యలో ఉన్నా సరే.

రెండో విడతకు సమయం లెక్క అక్కర్లేదు, ఓ అరగంట నడవనివ్వండి. ఒకే సీన్ ఇద్దరికి రెండు రకాలుగా తోచిన చోటు పట్టుకోండి. “తల్లి సీన్ నాకు ఏడుపు తెప్పించింది”, “నాకు చిరాకు తెప్పించింది” అన్న ఇద్దరూ దొరికారంటే ఆ రోజు చర్చకు సరుకు దొరికినట్టే. ఎవరు రైటో తేల్చకండి. ఆ సీన్లో ఏ ఒక్క షాట్ దగ్గర, ఏ ఒక్క మాట దగ్గర ఇద్దరూ విడిపోయారో వెతకండి. చాలాసార్లు అది తల్లి డైలాగ్ కాదు, దాని కింద మోగిన వయొలిన్ అవుతుంది.

“ల్యాగ్” అనే మాటను ఏం చేయాలి

ఇది మన సినిమా మాటల్లో ఎక్కువ అరిగిపోయినది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి. ల్యాగ్ అంటే నిడివి కాదు. మూడు గంటల సినిమా పరుగెత్తొచ్చు, గంటన్నర సినిమా ఈడ్చొచ్చు. ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు జబ్బులున్నాయి, మందు కూడా దేనికది వేరు.

మొదటిది: సీన్లో కొత్త సంగతి లేదు. విలన్ తన మేనమామేనని హీరోకు తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది. తర్వాత హీరో అది స్నేహితుడికి చెబుతాడు, ఆ తర్వాత తల్లికి చెబుతాడు. తెలిసిన కబురు మూడుసార్లు విన్నాం. ఇది రాతలో తప్పు. పరీక్ష సులువు: ఆ సీన్ మనసులో తీసేసి, ముందు సీన్‌కు వెనక సీన్ అతికించి చూడండి. అతుకు కనిపించకపోతే ఆ సీన్ దండగే.

రెండోది: సంగతి ఉంది, కానీ అయిపోయాక కూడా సీన్ కదలదు. చెప్పాల్సిన ఆఖరి మాట చెప్పేశారు. ఆ తర్వాత ఆయన చూపు, ఈమె చూపు, మళ్లీ ఆయన చూపు, స్లో మోషన్లో నడక. ఇది కత్తెరలో తప్పు, లేదా కత్తెర పడనివ్వని దర్శకుడిది.

మూడోది: సీన్ బాగానే ఉంది, చోటు తప్పింది. చెల్లెల్ని ఎత్తుకుపోయారు, వెంటనే స్విట్జర్లాండ్‌లో పాట. అదే పాట ఇరవై నిమిషాల ముందుంటే ఈలలు పడేవి.

నాలుగోది కనిపెట్టడం కష్టం: హీరోకు ఏం కావాలో మనకు తెలియదు. అప్పుడు ఎంత గబగబా కట్ చేసినా సాగదీసినట్టే ఉంటుంది. గమ్యం తెలియని ప్రయాణంలో ప్రతి స్టాపూ ఆలస్యమే కదా. హాల్లో గుర్తుపెట్టుకున్న మొదటి సమయం ఇక్కడే అక్కరకొస్తుంది.

ఇక అయిదో రకం ఉంది, అది సినిమాది కాదు. శుక్రవారం ఆఫీసు అయ్యాక సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, తిండి లేకుండా సెకండ్ షోకు పోతే పన్నెండు దాటాక ఏ సినిమా అయినా ల్యాగే. నిజాయితీగా ఒప్పేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కాబట్టి బృందంలో ఒక నియమం: ల్యాగ్ అనొచ్చు, కానీ ఆ వెంటనే ఏ సీన్ నుంచి ఏ సీన్ దాకా, పై వాటిలో ఏది అని చెప్పాలి. “ఇంటర్వెల్ అయ్యాక ఫ్లాష్‌బ్యాక్ మొత్తం మనకు అప్పటికే తెలిసినదే” అంటే ఎదుటివాడు ఒప్పుకోనూ వచ్చు, “లేదు, తమ్ముడి సంగతి అక్కడే కదా తెలిసింది” అని కొట్టిపారేయనూ వచ్చు. ఉత్త “ల్యాగ్” మీద వాదించడానికి ఏమీ ఉండదు, అరుచుకోవడం తప్ప.

నటన, యాస

“నటన ఇరగదీశాడు” అనాలనిపిస్తే అతను మాట్లాడని ఒక్క క్షణం చూపించండి. ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు వింటున్నాడా, తన డైలాగ్ కోసం కాచుకుని ఉన్నాడా? మంచి నటుడు వినడంలో దొరుకుతాడు. హీరోయిన్ డైలాగ్ చెప్పిన తీరును పొగిడే ముందు టైటిల్స్‌లో డబ్బింగ్ కళాకారుల పేర్లు చూడండి. తెలుగు రాని నటికి ఇంకొకరు గొంతు ఇవ్వడం మన దగ్గర ఏళ్లుగా ఉన్నదే. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయితే మెప్పు ఇద్దరికీ పంచాలి.

యాస దగ్గరికొచ్చేసరికి బెంగళూరు బృందానికున్న బలం తెలుస్తుంది. రాయలసీమ కథ అనగానే “ఏందిరా” అని గట్టిగా అరిస్తే సరిపోతుందనుకునే సినిమాలున్నాయి. మీ అనంతపురం అబ్బాయిని అడగండి: “వస్తాండాడు” అనాల్సిన మనిషి “వస్తున్నాడు” అన్నాడా? చిత్తూరు వైపు మనిషైతే “వస్తా ఉండాడు” కదా? ఒకే కుటుంబంలో అన్న ఒక జిల్లా, తమ్ముడు ఇంకో జిల్లా మాట్లాడారా? తెలంగాణ పాత్ర కోపంలో ఉన్నప్పుడు మాత్రమే యాస వచ్చి, ప్రేమ సీన్లో “చేశావు, చూశావు” అంటోందా? ఇలాంటివి పట్టుకోగలిగేది ఆ ఊరివాళ్లే. మిగతావాళ్లు ఇక్కడ అడగాలి, తేల్చకూడదు. కన్నడ మిత్రుణ్ణి కూడా వదలొద్దు. సినిమాలో బెంగళూరు చూపించి, ఆటో అతని చేత కన్నడం మాట్లాడించారంటే అది కన్నడమేనా కాదా చెప్పాల్సింది అతనే.

పాటలు, ఆర్ఆర్, బొమ్మ

“మ్యూజిక్ బాగుంది” అంటే పాటలా, నేపథ్య సంగీతమా (బీజీఎం అన్నా, ఆర్ఆర్ అన్నా అదే)? రెంటినీ విడదీయండి. తలుపు కిర్రుమనడం, కత్తి దూసిన చప్పుడు, వాన, ఇవి సంగీత దర్శకుడివి కావు, సౌండ్ డిజైన్ చేసినవాళ్లవి. హీరోను ఎత్తి చూపే ఎలివేషన్ సీన్లో ఒళ్లు జలదరించిందంటే అది బాణీకో, స్పీకర్ల అదురుకో ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్లో ఆ ముక్క వింటే తెలుస్తుంది. సంగీతం ఎక్కడ ఆగిందో కూడా గమనించండి. నిశ్శబ్దం వదిలిన చోటే ఆర్ఆర్ చేసినవాడి ధైర్యం కనిపిస్తుంది.

డైలాగులు సరిగ్గా వినపడలేదంటే తప్పు మాటలు, సంగీతం, చప్పుళ్లు కలిపే మిక్సింగ్‌దే అయి ఉండక్కర్లేదు. డాల్బీ ప్రాసెసర్‌లో వాల్యూమ్‌కు 7 అనేది ప్రామాణిక స్థాయి, మిక్సింగ్ జరిగేదీ ఆ లెక్కనే. గోల ఎక్కువైందని ఫిర్యాదు వస్తే హాలువాళ్లు దాన్ని తగ్గించి నడిపేస్తారు, అప్పుడు నెమ్మదిగా పలికిన మాటలు ముందుగా మాయమవుతాయి. వేరే హాల్లో చూసిన మనిషిని అడగండి. అక్కడా వినపడకపోతే అప్పుడు మిక్సింగ్‌ను అనొచ్చు.

బొమ్మ మసకగా ఉందన్నప్పుడూ ఇదే తూకం. తెర మీద వెలుగుకు ప్రామాణికం 14 ఫుట్ లాంబర్టులు (వెలుగును కొలిచే ప్రమాణం). ప్రొజెక్టర్ దీపం పాతబడితే అది పడిపోతుంది, 3డీ షోలో కళ్లద్దాల వల్ల ఇంకా తగ్గుతుంది. సినిమాకు ముందు వచ్చిన నగల ప్రకటన కూడా మబ్బుగానే కనిపించిందా? అయితే కెమెరామన్‌కు క్షమాపణ చెప్పండి. తెర పైనా కిందా నల్ల పట్టీలు కనిపిస్తే భయపడక్కర్లేదు, 2.39:1 స్కోప్ సినిమాను ఎత్తు ఎక్కువున్న తెర మీద వేశారంతే.

వీఎఫ్ఎక్స్ గురించి ఒక్కటే మాట: పులి నిజంలా లేకపోవడం కన్నా, పులిని చూడాల్సిన నటుడి కళ్లు వేరే చోట ఉండటం ఎక్కువ కొడుతుంది. రెండోదాన్ని గ్రాఫిక్స్ ఖాతాలో వేయకండి.

తగాదాలు ఎక్కడ మొదలవుతాయి

అభిమానంలో కాదు, అభిమానం దాచుకోవడంలో. “నేను ఆయన ఫ్యాన్‌ని, మొదటి రోజు పేపర్లు చించినవాణ్ణి” అని ముందే చెప్పేసి మాట్లాడితే వినేవాళ్లు ఆ మేరకు తగ్గించుకుని వింటారు, గొడవ ఉండదు. తటస్థుణ్ణని చెప్పుకుంటూ ప్రతి వాక్యంలో పక్క హీరోను లాగేవాడితోనే తంటా.

రెండోది వసూళ్లు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. అందులో పన్ను పోగా మిగిలింది నెట్. థియేటర్ అద్దె కూడా పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. సినిమా బ్రేక్ ఈవెన్ అయిందా లేదా, అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా లేదా చూసేది షేర్‌తో. ఒక హీరో గ్రాస్ తెచ్చి ఇంకో హీరో షేర్ పక్కన పెట్టడం మన వాదాల్లో రోజూ జరిగే మోసం, చాలాసార్లు తెలియక చేసేది. ఏదేమైనా సీన్ గురించి మాట్లాడుతుంటే కోట్లు ఎత్తడం నిషేధం. ఆ ముచ్చట మెస్‌లో పెట్టుకోండి.

మూడోది చెప్పక తప్పదు. నటుల ఒళ్లు, ఇల్లు, కులం. వీటిలో ఏదైనా నోటివెంట వస్తే ఎవరో ఒకరు అక్కడికక్కడే ఆపాలి, నవ్వి ఊరుకోకూడదు. తెలుగు సినిమా బృందాలు విరిగిపోయేది ఎక్కువగా ఈ మూడో దాని దగ్గరే.

ట్విస్ట్ కాపాడటం

అందరూ చూసేదాకా, కనీసం రెండో ఆదివారం దాకా, వాట్సాప్‌లో కథ లేదు. ట్రైలర్లో ఉన్నది మాట్లాడొచ్చు, అంతే. చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: “ట్విస్ట్ అస్సలు ఊహించలేరు” అనడం కూడా గుట్టు విప్పడమే. ఆ మాట విన్నవాడు మొదటి నిమిషం నుంచీ ప్రతి పాత్రనూ అనుమానిస్తూ చూస్తాడు, ఇంటర్వెల్‌కల్లా కనిపెట్టేస్తాడు, “ఏముంది ఇందులో” అంటాడు. “ఆఖరి పావుగంటకు లేవకండి” అన్నా అంతే. ఏమీ చెప్పకుండా “నువ్వు చూశాక ఫోన్ చెయ్” అనడమే మేలు.

రాసి పెట్టేటప్పుడు

మాట్లాడినంత రాయక్కర్లేదు. నూట యాభై పదాలు చాలు, రెండు నిమిషాలు దాటిన వాయిస్ నోట్ ఎవరూ వినరు. రేటింగ్ మానేయండి. 2.75కూ 3కూ నడుమ ఉన్న పావు ఏమిటో వేసినవాళ్లు కూడా చెప్పలేరు. దానికి బదులు ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, ఎంత పెట్టొచ్చు అనేవి చెప్పండి. ఊహించుకున్న ఒక సినిమాకు నమూనా:

“శనివారం మ్యాట్నీ, తెలుగు వెర్షన్, సబ్‌టైటిల్స్ ఉన్నాయి, టికెట్ 240. నిడివి 148 నిమిషాలు, ఇంటర్వెల్ 80 దగ్గర. ఊరి చెరువు వేలం చుట్టూ అన్నదమ్ముల కథ. వేలం పాట సీన్లో పది నిమిషాల పాటు సంగీతం లేదు, అంకెలు అరవడమే. హాలంతా ఊపిరి బిగబట్టింది. అన్న వేషధారి ఓడిపోయాక చెప్పులు వెతుక్కునే షాట్ మర్చిపోలేను. ఇంటర్వెల్ తర్వాత కోర్టు సీన్లు మూడూ ఒకే వాదన చెప్పాయి, ఒకటి చాలు. తమ్ముడి యాస ప్రొద్దుటూరులో మొదలై విజయవాడలో తేలింది. నాకు భూతగాదాల కథలంటే ముందే ఇష్టం, ఆ మేరకు తగ్గించుకోండి. అమ్మానాన్నలతో చూడొచ్చు. సింగిల్ స్క్రీన్ ధరకు మంచిది, రిక్లైనర్ అక్కర్లేదు.”

ఇందులో ఎక్కడా “బాగుంది” లేదు. చదివినవాడికి పోవాలో వద్దో తెలుస్తుంది, మీతో ఏ సీన్ దగ్గర తగువు పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

మడిచిన కాగితాలు విప్పాక, ఎవరి తీర్పు మారిందో వాళ్లు ఏ మాట విని మార్చుకున్నారో ఒక లైన్లో రాయించి, వాదం తెగని సీన్ల పేర్లు కింద రాసుకోండి. తెలుగు సినిమాలు చాలావరకు నాలుగు వారాలు తిరిగేసరికి ఓటీటీకి వచ్చేస్తున్నాయి. వచ్చిన రోజున సినిమా మొత్తం కాదు, ఆ సీన్లు మాత్రమే చూడండి. చూసేముందు నిడివి మళ్లీ సరిచూసుకోండి: హాల్లో 156 నిమిషాలున్నది ఇక్కడ 149 అయిందంటే, మీరు తగువు పడ్డ సీన్‌నే కత్తిరించేసి ఉండొచ్చు.